పన్నెండో వంతు

విజయనగరంలో ఒక ఫోన్ కంపెనీ ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. ఆ ఉద్యోగం మానేసి కొన్నేళ్ళయింది. అయినా వాళ్ళ ప్రకటన కనపడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కోటబొమ్మాళి వైపు మా సేల్స్ మనిషి ఒకాయన ఉండేవాడు. రైతు కుటుంబం. ఏడాది కాంట్రాక్టు మీద పని. ఆయన తెచ్చే ఆదాయం పెరిగితేనే మరో ఏడాది. ధాన్యం డబ్బులు పడే నెలలో కళ్ళాల వెంట తిరిగి, "మావా, సేతిలో డబ్బులున్నప్పుడే ఏయించీ, ఏడాది దాకా ఫోను సంగతి మర్సిపో" అంటూ ఒక్కొక్కరిచేత పన్నెండు నెలల రీచార్జ్ ఒకేసారి చేయించేవాడు. నెలనెలా డబ్బు చూడని రైతులకు అదే సుఖం. ఆ నెల ఆయన అంకె చూసి మా ఆఫీసంతా నోరెళ్ళబెట్టేది.

అంతలో లెక్కల రూల్ మారింది. ఏడాది రీచార్జ్ డబ్బు చేతికొచ్చినా అంతా ఇవాళే ఆదాయమని రాసుకోకూడదు, నెలకు పన్నెండో వంతు చొప్పున రాయాలి. నిజం చెప్పాలంటే అదే న్యాయం. ఇంకా ఇవ్వని సేవకి ఆదాయమేమిటి?

కాగితం మీద కంపెనీ ఆదాయం తగ్గింది. షేర్లు కొన్నవాళ్ళకి మా పెద్దలు చల్లగా చెప్పారు: వ్యాపారం ఎక్కడా తగ్గలేదు, రాసే పద్ధతి మారిందంతే. నమ్మకం కోసం నిరుటి అంకెల్ని కూడా కొత్త పద్ధతిలో తిరగరాసి పక్కనే అచ్చేశారు. డబ్బున్నవాడికి ఎంత ఓపిగ్గా వివరిస్తారో!

అదే వారం మా మేనేజరు సేల్స్ వాళ్ళ పట్టిక అడిగాడు. నేనూ అలాగే, నిరుటి అంకెను కొత్త పద్ధతిలోకి మార్చి ఒక గడి పెట్టాను. ఆ గడి ఉంటే కోటబొమ్మాళి ఆదాయం పెరిగినట్టు. లేకపోతే నిరుటిది పాత పద్ధతిలో, ఈ ఏటిది కొత్త పద్ధతిలో ఉండి, సగానికి సగం కూడా లేనట్టు.

"ఆ గడి తీసెయ్యమ్మా. ఇద్దర్ని తగ్గించమని పైనుంచి చెప్పారు" అన్నాడు, పంటి సందులో ఇరుక్కున్న మెతుకు గోటితో లాక్కుంటూ. థూ! ఆ వేలితోనే నా పట్టికలో గడి చూపించాడు.

తీసేశాను. నా వేలు మాత్రం ఏం శుభ్రం?

కోటబొమ్మాళి ఆయన్ని పిలిపించారు. పొద్దున్నే రైలు దిగి, ఆఫీసులో బల్లబల్లకీ తిరిగి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఊళ్ళవారీగా రాసుకున్న నోట్‌బుక్కు.

"ఏటి మేడమ్ ఇది? నిరుటికంటే నలభై ఫోన్లు ఎక్కువే సేయించినాను. ఒక్క మనిసీ మానలేదు. మరెలా తగ్గిపోనాది? మీరు సదువుకున్నోరు, నా తప్పేటో సెప్పండి, దిద్దుకుంతాను."

అద్దాల గదిలోంచి మేనేజరు మావైపే చూస్తున్నాడు.

"రూల్ మారిందండీ" అన్నాను. అది అబద్ధం కాదు. అంతకంటే నీచమైన మాట మాత్రం నా నోటివెంట ఎన్నడూ రాలేదు.

ఆయన మొహం తేటపడింది. "రూలా! అలాగైతే మన సేతిలో ఏటున్నాది" అని, కాంట్రాక్టు అయిపోయిందన్న కాగితం మీద అక్కడే నిలబడి సంతకం పెట్టాడు. నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని నాకు దండం పెట్టాడు.

"పొద్దున్నుంచి అడుగుతన్నాను మేడమ్, ఎవులూ సెప్పలేదు. మీరొక్కరే ఉన్నమాట సెప్పినారు."