యోహాను సారు దిద్దని తొమ్మిదో అధ్యాయం

యోహాను సారు ఎప్పుడూ పెన్సిల్‌తోనే దిద్దేవాడు. ఎర్ర సిరా చూస్తే రాసినవాడికి బడి గుర్తొచ్చి బిగుసుకుపోతాడని ఆయన అనుభవం. మహబూబ్‌నగర్‌లో ఒక డీటీపీ షాపు వెనక గది ఆయనది. ముప్పై ఏళ్లు ప్రెస్సులో అక్షరాలు కూర్చి, ప్రూఫులు చూసి, కంప్యూటర్లు వచ్చాక ఆ గదిలో స్థిరపడ్డాడు. పాలమూరు జిల్లాలో మొదటి పుస్తకం వేసుకోవాలనుకున్న ప్రతివాడూ ఒకసారి ఆ గది గడప దాటవలసిందే.

తెలంగాణ వచ్చిన ఐదో ఏట శైలజ అక్కడికి వెళ్లింది. కోస్గి దగ్గరి ఊరు, గొర్లకాపరుల ఇల్లు. అప్పటికి టీచరు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. తమ్ముడు శివకృష్ణ పోయీ రెండేళ్లే. ఎండాకాలం మందను తోలుకొని అచ్చంపేట అడవి అంచుకు వెళ్లినవాడు విషజ్వరం వచ్చి, దవాఖాన చేరకముందే ఆటోలో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. వాడి మీద రాసిన పుస్తకం ఆమె సంచిలో ఉంది.

సారు కట్ట విప్పి మొదటి నాలుగు కాగితాలు తీసి పక్కన పెట్టాడు.

"గివేంటివి?"

"ముందుమాటలు సార్. పెద్దోళ్లతోని రాయించిన."

"వీళ్లల్ల నీ తమ్ముణ్ని చూసినోళ్లు ఎందరు?"

శైలజ తల అడ్డంగా ఊపింది.

"పెండ్లికి వచ్చినోళ్లను వాకిట్ల నిలబెట్టి నాలుగు ఉపన్యాసాలు చెప్పిస్తే అన్నం తింటరా బిడ్డా? తీసెయ్."

రెండు వారాలకు మళ్లీ రమ్మన్నాడు. ఈసారి కాగితాల నిండా పెన్సిల్ గీతలు. ఒక్క తొమ్మిదో అధ్యాయం మాత్రం తెల్లగా ఉంది. తమ్ముడు చనిపోయిన అధ్యాయం. అంత బాగా వచ్చిందేమోనని శైలజ లోలోపల పొంగింది.

"గిది దిద్దలేదు. దిద్దతందుకు ఏం లేదు గిండ్ల," అన్నాడు సారు. "కుక్క పేరు రాసినవ్. గొంగడి అంచు రంగు రాసినవ్. కుంటిగొర్రెను ఎట్ల ఎత్తుకునేటోడో రాసినవ్. సచ్చిపోయిన రోజు కాడికి వచ్చేసరికి 'బాధ్యతకు ప్రాణమిచ్చిన త్యాగమూర్తి' అని రాసినవ్. ఆ పొద్దు ఏమైంది బిడ్డా?"

ఊళ్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. తల్లి హనుమమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పే కథ. జ్వరంలో కూడా నా కొడుకు గొర్లను ఇడిచి రానన్నడు అని. శైలజ దాన్నే రాసింది. సారు ముందు కూర్చున్నప్పుడు అది నోట్లోంచి రాలేదు. జరిగిందే చెప్పింది. పోవడానికి రెండు రోజుల ముందు తమ్ముడు ఫోన్ చేశాడు. ఒళ్లు కాలుతోందక్కా, ఇంటికొస్తా అన్నాడు. మర్నాడు ఆమెకు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. వాడు వస్తే ఆమె తప్ప మంద దగ్గరికి పోయేవాళ్లు లేరు, తండ్రి ఎప్పుడో పోయాడు. గోలీ వేసుకో, రెండు రోజులు ఆగు అంది. వాడు ఆగాడు.

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గదే రాయి," అన్నాడు.

నెల పట్టింది ఆ ఆరు పేజీలకు. సారు చదివి ఒక్క గీత కూడా పెట్టలేదు. అచ్చుకు మాత్రం పంపలేదు.

"మీ అమ్మకు చదివి వినిపించిరా."

"పుస్తకం వచ్చినంక మెల్లగ చెప్త సార్."

"నేను గట్లనే అనుకున్న," అన్నాడాయన, తన సంగతి మొదటిసారి చెబుతూ.

సారు వాళ్లది భూమి లేని మాదిగ ఇల్లు. తల్లి సైదమ్మ పటేలు కొట్టంలో పేడ తీసేది. కరువు ఏట పేడలో జొన్నగింజలు ఏరి, కడిగి, పిల్లలకు గటక కాచింది. అది కొడుకుకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు; మేనత్త చెప్పింది. యోహాను తన మొదటి పుస్తకంలో రాశాడు. తల్లిని గొప్ప చేస్తున్నాననుకున్నాడు. సభలో కొత్త చీర కట్టించి ముందు వరసలో కూర్చోబెట్టి, మైకు ముందు అదే పేజీ చదివాడు. చప్పట్లు ఆగేసరికి కుర్చీ ఖాళీ.

"ఇంటికి పోయినంక ఒక్క మాట అన్నది. నేను నీకు దాసిపెట్టింది నువ్వు ఊరందరికి పంచినవ్ కొడకా అని. సచ్చేదాకా నాకు అన్నం పెట్టింది గని, తినేటప్పుడు నా పక్కన కూసోలే. అడిగితే ఒద్దనకపోవునేమో. నేను అడుగలే." ఆ తర్వాత ఆయన మరో పుస్తకం రాయలేదు. పక్కవాళ్లవి దిద్దాడు.

శైలజ ఆ ఆదివారం పొయ్యి దగ్గర కూర్చొని చదివింది. హనుమమ్మ రొట్టె కొడుతూ విన్నది. ఫోన్ సంగతి వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. పెనం మీది రొట్టె మాడుతున్నా తియ్యలేదు.

"నీకు నాకంటే ఎనక చేసిండు," అంది చివరికి.

"ఏంటిది అమ్మా?"

"ముందు నాకే చేసిండు. వస్త అమ్మా అన్నడు. అక్కనడుగు అన్న." మాడిన రొట్టెను కుక్కకు విసిరింది. "నీది నువ్వు రాసుకో. గిది రాయకు."

శైలజ పరుగున సారు దగ్గరికి పోయింది. పుస్తకం సగం అబద్ధమవుతుంది కదా, ఏం చేయాలని అడిగింది. "నీ సగం నిజమే కదా," అన్నాడాయన. "ఆమెది ఆమె ఇచ్చేదాక ఆగాలె. గా పని పెన్సిల్‌తోని అయ్యేది కాదు."

పుస్తకం అచ్చయ్యాక ఆవిష్కరణ సభకు నాయకులనెవరినీ పిలవొద్దన్నాడు సారు. పుస్తకంలోని మనుషులను పిలవమన్నాడు. కోస్గిలో బడి హాలు నిండా గొంగళ్లు భుజాన వేసుకున్న కాపరులు. శైలజ తొమ్మిదో అధ్యాయం చదివింది. వెనకనుంచి మేనమామ కురుమయ్య లేచాడు.

"అంటే నువ్వు రమ్మని ఉంటే పోరడు బతుకునా బిడ్డా?"

"బతుకునేమో మామా."

హాలంతా ఆమె వంకే చూసింది. ఆమె తల్లి వంక చూసింది. హనుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేల చూసింది. లేచి మాత్రం పోలేదు.

అందరూ వెళ్లిపోతుంటే, తలుపు దగ్గర పుస్తకాల బల్ల వెనక కూర్చున్న సారు దగ్గరికి హనుమమ్మ వచ్చింది. "సారూ, ఇవి ఒడిసినంక మల్ల అచ్చేస్తరా?"

"వేస్తమమ్మా."

"గప్పుడు చెప్పుండ్రి. నాదొక మాటుంది."

ఆ రెండో అచ్చు ఇంకా రాలేదు. వచ్చినా యోహాను సారు చూడడు. కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఐదు రోజుల్లో పోయాడు. మట్టి పెట్టేటప్పుడు దగ్గర నలుగురే ఉన్నారు. ఆయన చేత దిద్దించుకున్నవాళ్లెవరికీ కడసారి చూపు దక్కలేదు, శైలజకు కూడా. డీటీపీ షాపువాళ్లు ఆ గదిలో ఇప్పుడు ఫ్లెక్సీలు చుట్టి పెడుతున్నారు.

చదివేవాళ్లు వస్తారని కూర్చోకు, వాళ్లున్నచోటికి పో అని ఆయన చెప్పిన మాట ప్రకారం శైలజ సెలవు దొరికినప్పుడల్లా గొర్ల సంతకు పుస్తకాలు తీసుకుపోతుంది. బేరాలు కాని వేళ చూసుకొని ఒక పేజీ చదువుతుంది. కొందరు కొంటారు. కొందరు, "నువ్వేనా తమ్ముణ్ని ఆగుమన్నది," అని మొహం మీదే అడుగుతారు. ఔను అంటుంది.

ఇంటికొచ్చి సంచి దించగానే హనుమమ్మ మంచినీళ్లు ఇస్తుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఇంకెన్ని ఉన్నయ్?"

నూటనలభై, నూటపదకొండు, తొంభై అని శైలజ చెబుతూ వచ్చింది. మొన్న అరవై రెండు అంది. తల్లి చెంబు అందుకొని లోపలికి పోయింది. తొందరగా అయిపోవాలని అడుగుతోందో, అయిపోతాయేమోనని అడుగుతోందో శైలజకు తెలియదు. సారు ఉంటే అడిగేది.