మెడికల్‌కు ముస్తాబైన అమ్మ

మా అమ్మను నేనుండే పెర్త్‌కు తెచ్చుకుని శాశ్వత నివాసం ఇప్పించాలని దరఖాస్తు పెట్టింది నేనే. ఏడో తరగతిలో బడి మానేసిన నేను ఒకరికి స్పాన్సర్‌నంటే నాకే నవ్వొచ్చింది. కాగితాలన్నీ అయ్యాక మిగిలింది వైద్య పరీక్ష. అమ్మ గుండె బాగా బలహీనం. ఆ పరీక్ష తప్పితే దారి మూసుకున్నట్టే. అందుకే నేను పనిచేసే లాండ్రీలో సెలవు పెట్టి, బర్మాలో అమ్మ ఉండే యాంగోన్ బయలుదేరాను.

పొద్దున పెర్త్‌లో ఎక్కి, బ్యాంకాక్‌లో విమానం మారి, సాయంత్రానికి యాంగోన్ విమానాశ్రయం మింగళాడోన్‌లో దిగాను. టాక్సీ ఆయన చెప్పిన ధరకు నేను నవ్వాను, ఆయనా నవ్వాడు, ధర మాత్రం కదల్లేదు. బోటాటౌంగ్‌లో మా వీధికి చేరడానికి గంటకు పైనే పట్టింది.

"ఏటే గుంటా, ఇలాగ సిక్కిపోనావు?" అంది అమ్మ గుమ్మంలోనే. నన్ను చూసి ఆ మాట అనగలిగిన మనిషి భూమ్మీద ఆవిడొక్కతే. చిక్కింది తను. పాదాలు మాత్రం వాచాయి. ఆ రాత్రి పడుకోలేక గోడకానుకుని నిద్రపోయింది.

మర్నాడు ఏడింటికే పక్కింటి పోలమ్మత్త దిగింది. మా తాతలు తెలుగునేల నుంచి ఇక్కడి రేవులో పనికొచ్చినప్పటి నుంచీ మా వీధిలో ఒక అలవాటుంది. ఏ ఇంటి పిల్లకు పెళ్లిచూపులైనా ఇరుగుపొరుగే ముస్తాబు చేస్తారు. అత్త ఈ మెడికల్‌నూ ఆ ఖాతాలోనే వేసుకుంది. తనాఖా చెక్క అరగదీసి, చందనంలాంటి ఆ ముద్దను అమ్మ బుగ్గలకు దట్టంగా పట్టించింది, పాలిపోయిన ముఖం కనబడకుండా. వాచిన పాదాల మీదికి లుంగీ దించి కట్టింది.

"డాక్టరమ్మ అడిగితే ఏటీ నేదని సెప్పు వొదినా. ఒండుతాను, తోముతాను, బజారు కెల్తాను అను."

"పాట గూడా పాడమంటావేటి?" అంది అమ్మ.

"నచ్చితే రేపే కబురంపుతారు" అన్నాను నేను.

వీధి చివర మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, నేను రెండు గిన్నెలు లాగించాను. అమ్మ రెండు చెంచాలు తింది. తొమ్మిదిన్నరకు క్లినిక్ చేరాం. కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయింది. డాక్టరు మూడో అంతస్తులో ఉంది. కరెంటు మధ్యాహ్నానికి గానీ రాదనీ, అప్పటికి మా వంతు పోతుందనీ కాపలా ఆయన చెప్పాడు.

"ఎక్కుతాన్లే" అంది అమ్మ.

మలుపు మలుపుకీ కూర్చుంది. నేను జోకులు వేస్తూనే ఉన్నాను.

"నవ్వించకే. నవ్వడానికి ఊపిరి సాల్దు."

జోకులు మాని చేయి పట్టుకున్నాను. పైకి చేరేసరికి తనాఖా చెమటకు చారలు చారలుగా జారిపోయింది.

డాక్టరు నెమ్మదైన బర్మా ఆవిడ. ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత బర్మీస్‌లో అడిగింది. "అమ్మా, ఈ ఆయాసం ఎప్పటి నుంచి?"

అత్త నేర్పిన పాఠం అప్పజెబుతుందనుకున్నాను. అమ్మ తువ్వాలుతో బుగ్గలు రెండూ తుడుచుకుని అంతా చెప్పేసింది. కాళ్ల వాపు, కూర్చుని నిద్ర, రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోవడం. ఆ పడిపోవడం సంగతి నాకే తెలియదు.

"చూసింది రాసి పంపుతాను. నిర్ణయం అక్కడివాళ్లది. గుండె డాక్టరుకు మాత్రం ఈ వారమే చూపించండి" అంది డాక్టరు.

టాక్సీలో అడిగాను. "ఎందుకే అలా చెప్పేశావ్?"

"ఇక్కడ దాసీసి వొచ్చినాననుకో, నీ ఇంట్లో గూడా దాసుకోవాల గదేటి. ఎన్నాళ్లని దాసీది? నాకంత ఓపిక నేదే."

తువ్వాలు అందుకుని ఆవిడ చెవి పక్కన మిగిలిన తనాఖా తుడిచాను.

మిగిలిన రోజులు గుండె డాక్టరు చుట్టూ తిరిగాం. మందులు మార్చారు. వాపు కొంచెం దిగింది. ఒక సాయంత్రం మనవాళ్ల హోటళ్లుండే పబేడాన్‌లో ఇడ్లీ తినిపించాను. మూడు తింది.

ఈ దారిన రాబోయేవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. కరెంటు ఎప్పుడుంటుందో ముందే కనుక్కోండి. అమ్మానాన్నలను ఎలా ఉన్నవాళ్లను అలాగే తీసుకెళ్లండి.

తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్‌లో మూడు గంటలు ఆగాలి. వచ్చే సెలవులకు ఫోన్లో యాంగోన్ టికెట్టు కొంటున్నాను. విమానంలో నా కథంతా విన్న బర్మా పెద్దాయన పక్క కుర్చీ నుంచి తొంగిచూశాడు.

"ఈలోగా మీ అమ్మకు వీసా వచ్చేస్తే? ఈ డబ్బు తిరిగి ఇవ్వరమ్మా."

"వస్తే తీసుకురావడానికి వెళ్తాను. రాకపోతే చూడటానికి వెళ్తాను" అన్నాను. టికెట్టు కొనేశాను.