చీకటి గది బయటి స్టూలు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నించీ ఒళ్ళుమంట. "ఎవరు చూశారు? ఎంత దూరం నించి? అప్పుడు వెలుతురుందా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. ల్యాబులో పనిచేసేదాన్ని కదా, కొలతకి రానిది లేనట్టే అని నా లెక్క. ఇప్పుడు అవే ప్రశ్నలు నన్నడిగితే మొదటిదానికే జవాబు లేదు. నేను చూడలేదు.

తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక పరిశోధన ల్యాబులో ఉండేదాన్ని. రక్తంలో విటమిన్ ఎ ఎంతుందో కొలవడం మా పని. ఆ విటమిన్‌కి వెలుతురు గిట్టదు. ఎండ తగిలితే విరిగిపోతుంది, ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుంది. అందుకని కిటికీలకి నల్ల కాగితం అంటించిన గదిలో, ఒక ఎర్ర బల్బు కింద పనిచేసేవాళ్ళం. లోపల మనిషుంటే బయటివాళ్ళు తలుపు తీయకూడదు. తెచ్చింది బయటి స్టూలు మీద పెట్టి, తలుపు కొట్టి వెళ్ళిపోవాలి.

ఆ కట్టుబాటు పెట్టింది పార్వతక్క, నాకు పని నేర్పిన సీనియర్. జాలరి ఇంటి ఆడపడుచు. మాటలో ఉప్పూ కారం రెండూ ఎక్కువే. "మూతలెట్టకుండా తలుపు తీసినావంటే సంపేత్తాను" అనేది. అని, మధ్యాహ్నం తన క్యారేజీలో చేప ముక్క నాకే పెట్టేది.

మా ల్యాబుకి ప్రాణం లాంటిది ఇంకోటుండేది. దాన్ని పూల్ అనేవాళ్ళం. స్టాఫ్ అందరం తలా కాస్త రక్తమిచ్చి, అందులోంచి తీసిన సీరం కలిపి, చిన్న సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో దాచేవాళ్ళం. అందులో విటమిన్ ఎంతుందో చాలాసార్లు కొలిచి ఒక అంకె తేల్చుకున్నాం. రోగుల శాంపిళ్ళతో పాటు రోజూ ఒక పూల్ సీసా కూడా కొలవాలి. దానికి ఆ అంకె వస్తే మిగతావన్నీ నమ్మొచ్చు. రాకపోతే ఆ రోజు రిపోర్టులన్నీ చెత్తబుట్టకే.

సీసాలకి నల్ల కాగితం చుట్టి మేం రబ్బరు బ్యాండ్లు వేసేవాళ్ళం. చలికి అవి పుటుక్కున తెగిపోయేవి. పార్వతక్క మాత్రం వలలు అల్లే దారంతో, వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న ముడి వేసేది. ఆ ముడి మాకెవరికీ చేతకాలేదు.

అక్క ఉన్నట్టుండి గుండెపోటుతో పోయింది. తర్వాత కొద్ది రోజులకే తుఫాను. రోజుల తరబడి కరెంటు లేక ఫ్రీజర్లో పూల్ అంతా కరిగి పాడైపోయింది. నేనే దగ్గరుండి ఒక్కో సీసా చూసి పారబోయించాను. అందులో అక్క రక్తం కూడా ఉందని గుర్తొచ్చి సింకు దగ్గర నిలబడి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే మా చెల్లి కనకానికి చూపు తగ్గడం మొదలైంది.

దాని మొగుడిది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టర్స్. అతను షిఫ్టుకి వెళ్తే ఇంట్లో అది ఒక్కత్తే. పొద్దు వాలేసరికి గోడలు తడుముకుంటూ తిరిగేది. ఒకరోజు పొయ్యి కనపడక మంటలో చెయ్యి పెట్టుకుంది. పైగా పెళ్ళయిన ఇన్నేళ్ళకి కడుపుతో ఉంది. మూడో నెల.

"అప్పా, సందేళయితే నా సెయ్యి నాకే అవుపడ్డం నేదే," అంది నా ఒళ్ళో తల పెట్టి. "బిడ్డ మొకమైనా సూత్తానంటావా?"

మర్నాడే దాన్ని కంటాసుపత్రికి తీసుకెళ్ళాను.

కంటి డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. మా అమ్మమ్మకీ చూపు పోయింది కాబట్టి ఇది వంశంలో వచ్చే జబ్బయితే మందు లేదు. అలా కాక విటమిన్ ఎ లోపమైతే, కనకానికి ఇదివరకే పేగు ఆపరేషన్ అయింది కాబట్టి మాత్రలు ఒంటబట్టవు, పెద్ద డోసు ఇంజెక్షన్ ఇవ్వాలి. లోపం లేకుండా ఆ డోసు ఇస్తే కడుపులో బిడ్డకి ప్రమాదం.

"చూద్దాంలే అని ఇచ్చే మందు కాదమ్మా. నమ్మదగ్గ కొలత తెండి, అప్పుడిస్తాను," అన్నారు.

కొలత నా చేతిలో పనే. కానీ పూల్ లేదు. కొత్త పూల్‌కి అంకె తేల్చాలంటే వారాలు పడతాయి. విటమిన్ కొలిచే మెషీన్లో దీపం చూస్తే కొన ఊపిరితో ఉంది. కొత్తది బొంబాయి నించి ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంకో ల్యాబుకి పంపుదామంటే దారిలో ఐసు కరిగితే ఆ శాంపిలూ పోయినట్టే. నాకు పిచ్చెక్కినట్టయింది. సింహాచలం అప్పన్నని మొక్కాను, తిట్టాను కూడా. చచ్చిపోయినందుకు పార్వతక్క మీద కూడా కోపమొచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం పూల్ లేకుండానే మొదలుపెట్టాను. తప్పని తెలుసు. ఏదో ఒక అంకె వస్తే డాక్టరుగారి కాళ్ళమీద పడదామనుకున్నాను.

కనకం శాంపిల్ సీసా మూత తీసి ఉంది. అప్పుడు తలుపు చప్పుడైంది.

"బయట పెట్టి వెళ్ళండి," అన్నాను.

"ఎట్టీసినాన్లే. మూతలు జాగర్త," అని వినపడింది.

పనిలో ఉన్నాను. ఏళ్ళ తరబడి విన్న మాట. ఉలిక్కిపడాలని కూడా తోచలేదు.

మూతలు బిగించి, సీసాలు పెట్టెలో పెట్టి తలుపు తీశాను. వరండాలో ఎవరూ లేరు. స్టూలు మీద ఒక సొట్ట గిన్నె. దాన్నిండా పొడిగా కొట్టిన ఐసు. మధ్యలో నల్ల కాగితం చుట్టిన పూల్ సీసా.

మా టెక్నీషియన్ రమణ ఎక్కడో వెతికి తెచ్చి ఉంటాడనుకున్నాను. నీ కడుపు చల్లగుండ అనుకుంటూ లోపలికి పట్టుకెళ్ళి, దారం కత్తెరతో కోసి, కనకం శాంపిల్‌తో పాటు నడిపాను. పూల్‌కి మా అంకె వచ్చింది. ఎప్పుడూ కాస్త అటో ఇటో ఉండేది, ఆ రోజు సరిగ్గా అదే. కనకం దగ్గరికొచ్చేసరికి మెషీన్ గీసే కాగితం మీద గీత లేవనే లేదు. దాని ఒంట్లో విటమిన్ దాదాపు లేదు. చెల్లెలి రక్తంలో లోపముందని తేలితే సంతోషంతో ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మర్నాడు దీపం ఆరిపోయింది. అప్పటికే కనకానికి ఇంజెక్షన్ పడింది. కొద్ది రోజులకి పొద్దుగూకే వేళ అది ఫోన్ చేసి, "అప్పా, వాకిట్లో ముగ్గు అవుపడతన్నాది," అని ఏడ్చింది.

రమణకి స్వీటు పెట్టి థాంక్స్ చెప్పబోయాను. తెల్లబోయాడు.

"నానేటీ ఎట్టనేదు మేడమ్. ఆ పొద్దు నాను జీపులో ఆనందపురం ఎల్లేను కదండీ, రక్తాలు తీడానికి. సందేళకి గానీ రానేదు. అయినా సీసాలన్నీ మీరే కదేటి పారబోయించేరు?"

అందర్నీ అడిగాను. మిగతా డిపార్టుమెంట్ల ఫ్రీజర్లన్నీ వెతికాను. తుఫానుకి బతికిన ఫ్రీజర్ ఒక్కటీ లేదు. ఆ గిన్నె ఎవరిదీ కాదు. మా ఐసు ఫ్రిజ్జు ట్రేలో గడ్డలుగా వచ్చేది. ఇలాంటి పొడి ఐసు ఫిషింగ్ హార్బర్లో చేపల మీద పోస్తారు. కరెంటు పోయినప్పుడు పార్వతక్క అక్కణ్ణించే ఆటోలో తెచ్చేది. ఐసు కరిగాక గిన్నె అడుగున ఒక చేప పొలుసు కూడా ఉంది.

నేను కోసిన దారం బల్ల మీదే దొరికింది. ముడి అలాగే ఉంది. అక్క ముడి.

కనకానికి ఆడపిల్ల పుట్టింది, ఏ లోపమూ లేదు. దాని మొహం తల్లి కళ్ళారా చూసుకుంది.

ఆ సీసా ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ గొంతు నిజంగా విన్నానా, అలవాటుకొద్దీ విన్నట్టనిపించిందా అంటే అదీ చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ చప్పుడుకి నేను గబుక్కున తలుపు తీసి ఉంటే పట్టపగటి ఎండ బల్ల మీద పడి కనకం శాంపిల్ పోయేది. అక్క నేర్పినట్టే తీయలేదు.

తీసి ఉంటే అక్కని చూసేదాన్నేమో.