చెరిగిపోయిన లాలిపాట

చెట్టికరై కాలేజీలో చదివే మనవరాలు పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటూ, మా అమ్మ పాడిన లాలిపాటను ఫైల్లో దాస్తానంది. చిన్నప్పట్నుంచీ తమిళ బడిలోనే చదివింది, దానికి తెలుగు రాయడం రాదు. నేను చెప్పిన రెండు చరణాలనూ తమిళ అక్షరాల్లో ఎక్కించింది. మర్నాడు మూడోది చెప్పాను. ఫైలు తెరిచి చదివిస్తే అదొక్కటే ఉంది.

"'డబ్ల్యూ' పెట్టి తెరిచినానవ్వా. అట్ల తెరిస్తే పాతదంతా తుడుచుకుని పోతుంది. 'ఏ' పెట్టుంటే కింద చేరేది."

"రాసేదానికి ముందు తుడిచేదానికి అదేమన్నా పలకనా? ఒకసారి చెప్పేదానికే నా గొంతు పోయింది."

మళ్లీ మొదలుపెట్టాను. మొదటి చరణం వచ్చింది. రెండోది సగంలో ఆగిపోయింది. ఆ పాట తెలిసినవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు.

"వచ్చినంతవరకు 'ఏ' పెట్టి రాయి. మిగతాది తోస్తే చెప్తా" అని గోడవైపు తిరిగి పడుకున్నాను.