నా పట్టికలో చేరని సైగ

మూడు సీజన్లు నా మాట ఎవరూ వినలేదు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని మా తెలుగు చర్చి బేస్‌బాల్ జట్టుకు స్కోరు రాసేవాణ్ణి నేనే. శనివారాల ఎండలో మడత కుర్చీ వేసుకుని ప్రతి బంతీ రాశాను, ఇంటికొచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఏం తేలిందని ఒక్కరూ అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతి. బంతి విసిరే పిచర్‌ని, అతను ఇచ్చిన పరుగులను బట్టి కొలవకూడదు. వెనక ఫీల్డర్ పట్టుకుంటే అతను గొప్పవాడు, జారవిడిస్తే పనికిరానివాడు అయిపోతాడు. అందుకే ఫీల్డర్ల చేయి పడనివే లెక్కపెట్టాలి: బ్యాటర్ కొట్టలేక అవుటయ్యే స్ట్రైకౌట్లు, బంతి మైదానం దాటిపోయే హోమ్‌రన్లు, వాక్‌లు. నాలుగు బంతులు పక్కకు పోతే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచిపోతాడు, అదే వాక్.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఇదంతా వివరించబోయాను. మా ప్రధాన పిచర్ పులిహోర ప్లేటుతో వచ్చి స్క్రీన్ మీదికి వంగాడు. ఈ ఊళ్లో నా మొదటి రూమ్మేట్ అతనే.

"ఏంటి బ్రదర్, పరలోకంలో కూడా నీ ఎక్సెల్ షీట్ చూసే లోపలికి రానిస్తారా?"

అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. ఎవరు ఎంతసేపు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి ఏడాది మా పెద్ద కెప్టెన్ తప్పుకున్నాడు. అట్లాంటా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు కెప్టెన్ అయ్యాడు. సెమీఫైనల్ వారం అతను నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నీ దగ్గర పాత డేటా అంతా ఉందంట కదా? పంపించు. ఎవర్ని స్టార్ట్ చేయించాలో దాన్ని బట్టి డిసైడ్ చేద్దాం."

అదే రాత్రి పంపాను. ముగ్గురు పిచర్లలో నా స్నేహితుడు, ఆ పాత రూమ్మేటే, ఆఖరివాడు. వాక్‌లు విపరీతం.

రెండు రోజుల తర్వాత పాత స్కోరు పుస్తకం తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. బలమైన బ్యాటర్ వచ్చినప్పుడల్లా పెద్ద కెప్టెన్ బెంచీ మీంచి నాలుగు వేళ్లు చూపేవాడు. వీడితో పెట్టుకోవద్దు, కావాలనే వాక్ ఇచ్చెయ్ అని దాని అర్థం. కెప్టెన్ చెప్పినట్టే నా స్నేహితుడు చేసేవాడు. నేను క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి. వైడ్ ఎవరు వేయమన్నా బౌలర్ ఖాతాలోనే పడుతుంది. ఆ అలవాటుతో, సైగ చూస్తూ కూడా, వాటన్నిటినీ అతని తప్పులుగానే రాశాను. అవి తీసేసి మళ్లీ లెక్కవేశాను. అతనే మొదటివాడు.

కెప్టెన్‌కి చెప్పలేదు. మూడేళ్లకు ఒకడు అడిగితే, అదీ తప్పుల తడకేనని నా నోటితో నేనే చెప్పుకోవాలా అనుకున్నాను. ఇది సగం నిజం. మిగతా సగం ఆ పులిహోర ప్లేటు.

సెమీఫైనల్ రోజు నా స్నేహితుడు భుజం తిప్పుకుంటూ సిద్ధమవుతుంటే కెప్టెన్ వెళ్లి చెప్పాడు. "బ్రదర్, ఇవాళ నువ్వు బెంచ్. నంబర్స్ అలా ఉన్నాయి, సారీ."

అతను తిన్నగా నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"నంబర్స్ నువ్విచ్చినవేనా?"

"అవును."

"నాకు అన్ని వాక్‌లున్నాయా?"

"రాసే ఉంది. చూసుకో."

చూడలేదు. "నువ్వు రాశావంటే కరెక్టే అయ్యుంటుందిలేరా," అన్నాడు. బంతి తీసుకెళ్లి రెండో పిచర్ చేతిలో పెట్టాడు.

మేం గెలిచాం. అందరూ వచ్చి నా చేయి పట్టుకుని ఊపారు. నేను ఊపనిచ్చాను.

అతను మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. ఈ ఆట తనకు రాదని తేలిపోయిందని కెప్టెన్‌తో అన్నాడట. అప్పుడు కెప్టెన్‌కి నిజం చెప్పాను. "పోనీలే అన్నా, గెలిచాం కదా," అన్నాడు. ఇక నా స్నేహితుడికే వాట్సాప్‌లో రాశాను: తప్పు ఎక్కడ జరిగిందో, అది తెలిశాక కూడా ఎందుకు నోరు మూసుకున్నానో, ఏదీ దాచలేదు. సరిచేసిన పట్టిక కూడా పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. నెల దాటింది.

చేసింది నేనే, కాదనను. కానీ ఒప్పుకున్న మనిషిని ఇలా వదిలేయడం ఏం న్యాయంరా? తిట్టాలంటే తిట్టు. జట్టులోకి తిరిగి వస్తావా, రావా? ఆ ఒక్క ముక్కకైనా జవాబు చెప్పు.