ఆషాఢంలో ఆగిన అంబాసిడర్

మా బాపు అంబాసిడర్ పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో, బర్రెల కొట్టంలో పన్నెండేళ్లు పడి ఉంది. బాపు పోయాక దాన్ని ఎవరూ కదిలించలేదు. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. అన్న దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేస్తానంటే నేను అడ్డం పడ్డాను.

"నీకెందుకే గా తుప్పు?" అన్నాడు.

"నీకు భూమి రాలే? నాకు తుప్పన్న రానియ్యి" అన్నాను.

బాపు మీద ప్రేమ అనుకునేరు. కొంచెం ఉందేమో, కాదనను. అసలు సంగతి వేరు. శ్రావణంలో పెద్దపల్లిలో అన్న కొత్తింటి గృహప్రవేశం. తూకానికి వేద్దామన్న కారులోంచే నేను ఆ ఇంటి ముందు దిగాలి, అప్పుడు అన్న ముఖం చూడాలి.

నేనుండే కరీంనగర్‌లో, బండ్ల సొట్టలు తీసే నలుగురు డెంటర్లను అడిగాను. ముగ్గురు చెప్పిన మొత్తానికి నడిచే సెకండ్‌హ్యాండ్ కారే వస్తుంది. నాలుగో మనిషి ముసలాయన. ఊరి చివర రేకుల షెడ్డు, ఎడమ కంట్లో పొర. టీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి, సుత్తి పట్టుకుంటే వణకవు. ట్రాక్టర్‌తో లాగించి తెచ్చిన కారు చుట్టూ తిరిగి, తలుపుల మీద వేళ్ల కణుపులతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"బతుకుతదమ్మా. పుట్టీ మెత్తి కాదు, రేకు కొట్టి చేస్త. జర టైం ఇయ్యి."

ఆయనకు పని రావడం తగ్గిపోయింది. ఇప్పటి కార్లకు సొట్ట పడితే తలుపే మారుస్తున్నారు, సుత్తి పట్టేవాడు ఎవరికి కావాలి? ఈ కారు రోడ్డెక్కితే, పాత జీపులు దాచుకున్న పెద్ద కుటుంబాలు తనను వెతుక్కుంటూ వస్తాయని ఆయన ఆశ. "గిదాన్ని చూసినోళ్లు నన్ను అడగాలె బేటీ. లేకుంటె ఈ షెడ్డు మూసుడే" అని తనే నోరు విడిచి చెప్పాడు. అలాంటి మాట నా ముందు అనకూడదు.

"పేరు నీకే వస్తది గద చాచా, మరి కూలి సగం తగ్గియ్యి" అన్నాను.

తగ్గించాడు.

ఇంజిన్ పని వేరే మెకానిక్ చూశాడు. నేను పాత సామాన్ల దుకాణాలు తిరిగి, పారేసిన కూలర్ల రేకులు ఏరుకొచ్చాను. హెడ్‌లైట్లు ఆదిలాబాద్‌లో మూలపడ్డ ఒక టాక్సీవి. ఎండాకాలమంతా ఆయన పుచ్చిపోయిన రేకు కోసి, కూలర్ రేకు అతికి, సుత్తితో వంపులు తిప్పాడు. నేను ప్రతి ఆదివారం వెళ్లి వంకలు పెట్టాను. చివరికి పాత రంగు చుక్క లేకుండా గీకి, గరుకు కాగితంతో రుద్దితే కారు కొత్త గిన్నెలా మెరిసింది. మర్నాడు రెడ్ ఆక్సైడ్, అంటే రంగుకు ముందు తుప్పు రాకుండా వేసే ఎర్రపూత, కొడతానన్నాడు.

ఆ సాయంత్రం వదిన ఫోన్. కారు సంగతి ఊరించడానికి నేనే ముందుగా చెప్పి చచ్చాను.

"రేపటి సంది ఆషాఢం. ఆషాఢంల బండికి రంగు కొట్టిస్తరా ఎవలన్న? గా బండి మా వాకిట్ల నిలవెడ్తవ్, రేపు ఏమన్న అయితె నువ్వు జిమ్మేదారా?"

ముహూర్తాల మీద అయ్యగార్లతో పెళ్లి పందిళ్లలోనే వాదన పెట్టుకున్నదాన్ని నేను. కానీ వదినను ఎరుగుదును. కొత్తింట్లో పాలు విరిగినా నా కారు మీదే పెడుతుంది. శ్రావణం దాకా పని ఆపమన్నాను.

"అమ్మా, ఇనుముకు ఆషాఢం గీషాఢం ఎర్కుంటదా?" అన్నాడు చాచా. "బట్టలిప్పి నిలవెట్టినం దాన్ని. వాన గాలి తాకితె మల్ల తుప్పు పడ్తది. ఎర్రపూతన్న కొట్టనియ్యి, రంగు ఎన్క చూద్దం."

"ఎర్రది రంగు కాదా? ఆషాఢం మీ మతంల లేకుంటె మా మతంల గూడ ఉండదా?"

ఆయన ముఖం ముడుచుకుపోయింది. యూరియా బస్తాలు కుట్టిన పట్టా తెచ్చి కారు మీద కప్పాడు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేశాను. తుప్పు పట్టడానికి గాలీ నీళ్లూ చాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

నెల తర్వాత పట్టా తీస్తే, కారంతా ఇటుక పొడి చల్లినట్టుంది. గృహప్రవేశం ఐదు రోజుల్లో.

"మొత్తం మల్ల గీకాలె. పది రోజులన్న పడ్తది."

"కిరోసిన్ గుడ్డతోని తుడిచి కొట్టెయ్యి."

"గట్ల కొడ్తె రంగు నిలవది బేటీ. నా పేరు పోతది."

"పేరు కాదు, నీ చెయ్యి పోయింది. కన్ను పోయింది. గీకుడు చాతగాక సాకులు చెప్తున్నవ్."

ఆయన కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత గుడ్డ తడిపాడు.

గృహప్రవేశం నాడు మీగడ రంగు అంబాసిడర్ జల్లులో తడుస్తూ అన్న వాకిట్లో ఆగింది. అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ముఖం నేను కోరుకున్నట్టే అయింది. చుట్టాలు కారుకు ఆనుకుని ఫోటోలు దిగారు. ఎవరు చేశారని కనీసం పదిమంది అడిగారు. నలుగురికి ఇవ్వమని చాచా తన ఫోన్ నంబరు రాయించిన చీటీలు నా చేతిసంచిలో ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు. మరిచిపోయానని అబద్ధం చెప్పను. ఆ రోజు మెప్పు పంచుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే.

దసరా నాటికి తలుపుల కింద రంగు బొబ్బలెక్కింది. కారు తీసుకుని నేరుగా షెడ్డుకు పోయాను. అక్కడ మంథని నుంచి పాత జీపు తెచ్చుకున్న ఇద్దరు మనుషులు చాచాతో మాట్లాడుతున్నారు. అన్న ఇంటి దగ్గర కారు చూసి, తిరిగి తిరిగి ఆయన జాడ వాళ్లే కనుక్కున్నారట. నేను తాళంచెవితో ఒక బొబ్బను గీరాను. అరచేయంత పెచ్చు ఊడి పడింది.

"చూడుండ్రి సారూ, ఈయన పనితనం. మీ జీపు గూడ గిట్లనే చేస్తడు."

నువ్వే కదా ఆపించావని ఆయన అంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా దారిలోనే తయారు చేసుకున్నాను. ఆయన కిందికి వంగాడు. పెచ్చును ఏరుకుని, వెనక అంటిన తుప్పును మంచి కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. అప్పటికే జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"బండి ఇడ్శిపెట్టి పో బేటీ. పైసలొద్దు, ఉత్తగనే చేస్త."

"మల్ల నీ చేతుల పెడ్తనా?" అని కారు తిప్పుకుని వచ్చేశాను.

సంక్రాంతి దాటాక, ఊళ్లోకి కొత్తగా వచ్చి షెడ్డు పెట్టిన ఇంకో డెంటర్‌కు అప్పగించాను. అతను రంగంతా గీకి రేకు బయటపెట్టాక నన్ను పిలిపించాడు.

"మేడం, గీ రేకు ఎవలు కొట్టిండ్రు? అతుకు యాడుందో చేతికి దొర్కుతలేదు. గిసొంటి చెయ్యి ఇప్పుడు లేదు. నాకు పాత బండ్ల పని మస్తుంది, ఒక్కనితోని అయితలేదు. ఎవలో చెప్పుండ్రి, నేనే పోయి తోల్కొస్త. రంగు సంగతి నేను చూస్కుంట."

చాచా షెడ్డు అక్కడికి రెండు వీధుల అవతల. చెబితే వాళ్లిద్దరూ కలిసి ఒక చాయ్ తాగేలోపు, రంగు ఎందుకు ఊడిందో, ఎవరి వల్ల ఊడిందో తేలిపోతుంది.

"ఆయన లేడు. చనిపోయిండు" అన్నాను.

"అయ్యో" అని అతను రేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఎండ మంచిగుంది. ఎర్రపూత ఇయ్యాల్నే కొట్టు" అన్నాను.