ట్యూబులో బుడగ

నా తాపీ మీద ఒట్టప్పా. ఒక్క మాట కూడా కల్పించి చెప్పడం లే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం.

మా తమ్ముడు గుడియాత్తంలో నాతోనే గోడ కడతా పరంజా మీదినుంచి పడినాడు. వేలూరులో ఒక పెద్దాసుపత్రికి ఎత్తుకపోయినాం. పుర్రెకు బెజ్జం వేసి, లోపల చేరిన నీళ్ళు దిగేదానికి సన్న ట్యూబు పెట్టినారు. దాని సంచిని వాడి చెవి మట్టానికి సరిచూసి కట్టినారు. నోట్లో ఊపిరి పైపు. మూసిన కండ్లు తెరవలే.

మూడో దినం సాయంత్రం నన్ను అయిదు నిమిషాలు లోపలికి వదిలినారు. ట్యూబులో... బుడగ. మేస్త్రీలకు తెలుసు గదా, నీళ్ళ ట్యూబుతో మట్టం చూసేటప్పుడు బుడగుంటే మట్టం అబద్ధం చెబుతుంది. నర్సు అటు తిరిగింది. నా చెయ్యి ఊరుకుంటుందా? జాయింటు వదులు చేసినాను. బుడగ పోయింది. బిగించేసినాను. చెయ్యి కూడా కడుక్కోలే. నా తెలివి తెల్లారినట్టే ఉండాది.

రెండు దినాలకు వాడికి జ్వరం. రాత్రి రెండు గంటలప్పుడు నేను వరండాలో పండుకోనుంటే నర్సు లేపింది. "అణ్ణా, ఒరు కైయెళుత్తు" అని సంతకానికి కాగితం ఇచ్చి లోపలికి పిలుచుకోని పోయింది.

మిషను... టిస్స్... టిస్స్... సంచిలోకి చుక్క... టప్... టప్...

చుక్క ఆగింది.

నేను వంగి చూసినాను. అప్పుడు... నా చెవి పక్కనే... మెల్లగా...

"నీళ్ళు... కలకబారినాయన్నా."

వాడి గొంతే! పెదవులు మాత్రం కదలలే. నర్సుకు చెప్తే, గొంతులో పైపుండగా ఎట్ల మాట్లాడతాడని అరవంలో కసిరింది. టార్చి వేసి చూపించింది. ట్యూబులో నీళ్ళు తేటగానే ఉండినాయి.

చెబితే తమ్మున్ని నేనే చంపినానంటారు. చెప్పకుంటే...

"తాయీ, ఆ జాయింటు నేను విప్పినాను" అని ఏడ్చేసినాను.

ఆమె మొగం మారిపోయింది. పరుగెత్తి డాక్టరును పిలుచుకొచ్చింది. అప్పుడే నీళ్ళు పరీక్షకు పంపి, మందు మొదలుపెట్టినారు. తెల్లారేసరికి ట్యూబులో... బియ్యం కడిగిన నీళ్ళే.

"ట్యూబు పెట్టిన తలకు క్రిములు ఎట్లయినా చేరొచ్చు. నీ చెయ్యో కాదో చెప్పలేం. ఒక పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అన్నాడు డాక్టరు.

వాడు దక్కినాడు. ఇంటికొచ్చి మాట తిరిగినంక ఒక దినం అడిగినాను, "ఆ జ్వరం రాత్రి నాతో ఏమన్నా చెప్పినావారా?"

వాడు నన్ను వింతగా చూసినాడు.

"నేనా? ‘నీళ్ళు కలకబారినాయి, నీళ్ళు కలకబారినాయి’ అని రాత్రంతా నా చెవిలో చెప్పింది నువ్వే గదన్నా!"

నేను ఆ రాత్రి లోపల ఉండింది... సంతకం పెట్టినంత సేపే అప్పా.